ప్రార్థన జరిగిన ఇంట్లో ప్రేమపాట వినిపించవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము ఒంగోలులో నెలకొకసారి నాలుగైదు కుటుంబాలవాళ్లం గృహ కూడిక పెట్టుకుంటాము. ప్రార్థన ముగిశాక ఒక్కొక్కరు తమకిష్టమైన పాట వినిపించి, దానితో ముడిపడిన జ్ఞాపకం చెబుతారు. పోయిన నెల నేను అమెరికా కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ పాడిన ప్రేమపాట ఒకటి వినిపించాను. ప్రభువునందు నిద్రించిన మా వారికి ఆ గొంతంటే ప్రాణం; ఇంగ్లీషు అంతగా రాకపోయినా, క్యాసెట్టు ఆపి ఆపి వింటూ ఆ పాటలను లెక్కల డైరీ వెనక పేజీల్లో తెలుగు అక్షరాల్లో రాసుకునేవారు. పాట అయ్యాక సంఘ పెద్ద ఒకరు, ప్రార్థన జరిగిన చోట లోకపు పాటలేమిటని అన్నారు. నేను చేసింది తప్పా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ఆ పెద్దాయన మాటను కొట్టిపారేయకుండానే మీకు జవాబు చెబుతాను. ఆదివారం ఆరాధనలో ప్రేమపాట పాడతానని మీరు అడిగి ఉంటే నేనూ వద్దనే అనేవాణ్ణి, ఎందుకంటే అక్కడ పాట అందరి తరఫునా దేవునికి చెప్పుకునే మాట. గృహ కూడికలో, అదీ ప్రార్థన ముగిశాక, మీరు వినిపించింది మీ భర్తను గురించిన సాక్ష్యం. ఆయన ఏ పాటను ప్రేమించారో చెప్పకుండా ఆయన ఎలాంటి మనిషో చెప్పడం మీకు సాధ్యం కాదు. కాబట్టి మీరు చేసినదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

‘లోకపు పాట’ అని ఒక గీత గీయడం కంట్రీ సంగీతం విషయంలో మరీ కష్టం. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో పెరిగిన ఆ సంగీతంలో శనివారం రాత్రి తాగి తిరిగినవాడూ ఆదివారం ఉదయం గుడి బల్ల మీద కూర్చున్నవాడూ చాలాసార్లు ఒక్కడే. తాగుడు వల్ల ఆరోగ్యమూ సంసారమూ పాడుచేసుకుని, 29 ఏళ్లకే, 1953 జనవరి 1న, కారు వెనక సీట్లో ప్రాణం విడిచిన హ్యాంక్ విలియమ్స్, చీకటిలో తిరిగినవాడు వెలుగును చూసిన సంగతిని పాటగా కట్టాడు. 1948లో విడుదలైన ఆ పాటను ఈనాటికీ ఎన్నో సంఘాల్లో పాడుకుంటున్నారు. 1964 జూలై 31న విమానం కూలి 40 ఏళ్ల వయసులో చనిపోయిన మీ జిమ్ రీవ్స్ కూడా ఏ గొంతుతో విరహం పాడాడో ఆ గొంతుతోనే భక్తిగీతాలూ క్రిస్మస్ పాటలూ పాడాడు, మన దేశంలో ఎన్నో క్రైస్తవ కుటుంబాలు డిసెంబరు వస్తే ఆయననే పెట్టుకుని వింటాయి. అంతెందుకు, రాక్ అండ్ రోల్‌కు రాజని పేరుపడ్డ ఎల్విస్ ప్రెస్లీకి పోటీలో దక్కిన 3 గ్రామీ పురస్కారాలూ గాస్పెల్ పాటలకు, అంటే క్రైస్తవ భక్తిగీతాలకు, వచ్చినవే. రాక్ పాటలకు ఒక్కటీ రాలేదు. (ఈ ముక్క ఆ పెద్దాయనకు మెల్లగా చెప్పి చూడండి.)

బాణీల సంగతి కూడా ఇంతే. ‘అమేజింగ్ గ్రేస్’ అనే ఇంగ్లీషు భక్తిగీతం మాటలను జాన్ న్యూటన్ 1772లో రాస్తే, ఇప్పుడు లోకమంతా పాడుకునే బాణీ వాటికి అమెరికాలో 1835లో గాని అతకలేదు. అరవై ఏళ్లకు పైగా ఆ మాటలు వేరే బాణీల్లో తిరిగాయి. మన దగ్గర పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలకు పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి కదా, ఆ రాగాలను క్రైస్తవులు కొత్తగా కనిపెట్టలేదు, అవి భజనల్లో అంతకు ముందునుంచీ ఉన్నవే. ఒంగోలు, నెల్లూరు సంఘాలవారు ఆ కీర్తనలనూ, అమెరికన్ బాప్టిస్టు మిషనరీల వెంట వచ్చిన పాటలనూ ఒకే ఆరాధనలో పాడుకుంటూ పెరిగారు.

వచ్చే కూడికకు క్యాసెట్టుతో పాటు ఆ లెక్కల డైరీని కూడా తీసుకువెళ్లండి. ఆయన తప్పుగా విని రాసుకున్న మాటలుంటే వాటినీ దిద్దకుండా అలాగే చదివి వినిపించండి.

ప్రశ్న: నేను కావలిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. రాక్ పాటలంటే ఇష్టం, యవనస్థుల కూడికలో డ్రమ్స్ వాయిస్తాను. మా తాతగారు మాత్రం డప్పు మోత దేవునిది కాదని, ఆ చప్పుడు మొదలుకాగానే లేచి బయటికి వెళ్లిపోతారు. ఆయనను ఒప్పించేదెలా?

జవాబు: తమ్ముడూ, 150వ కీర్తనలో తంబురా, తంతివాద్యాలు, మ్రోగు తాళాలు ఉన్నాయని నువ్వు చూపించవచ్చు, ఆ వచనాలు ఆయనకు నీకంటే బాగా వచ్చి ఉంటాయి కాబట్టి దానివల్ల పని జరగదు. నువ్వు ముందు తెలుసుకోవలసింది మన ప్రాంతపు చరిత్ర. 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి కాలంలో ఈ పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నవారిలో చాలామంది మాదిగలు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గ్రామదేవతల కొలువుల్లో డప్పు కొట్టడం అంతకు ముందు వారి మీద ఊరు మోపిన పని. విశ్వాసంలోకి వచ్చాక వారు ఆ పనికి రామన్నారు, అందుకు ఊరి పెద్దల చేతుల్లో బాధలూ పడ్డారు. మీ తాతగారి పూర్వులు వారిలో ఉన్నారో లేదో ఆయననే అడుగు. ఉన్నట్లయితే డప్పును కాదనడం ఆ ఇంట్లో చాదస్తం కింద లెక్కకు రాదు, అది వెల చెల్లించి సంపాదించుకున్న స్వేచ్ఛ.

అది విన్న తరువాత నీ పాట సంగతి చెప్పు. బైబిలు మాటలనే రాక్‌లో పాడినవారు ఉన్నారు: ప్రసంగి గ్రంథం 3వ అధ్యాయంలో ప్రతిదానికీ సమయం కలదన్న మాటలకు అమెరికన్ గాయకుడు పీట్ సీగర్ బాణీ కడితే, బర్డ్స్ అనే బృందం 1965లో దాన్ని గిటార్లతో పాడి అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి తీసుకువెళ్లింది, ఐర్లాండుకు చెందిన యూ2 బృందం 1983లో 40వ కీర్తనను పాటగా చేసింది. తాతగారికి ముందు ఆ అధ్యాయాన్ని తెలుగులో చదివి, తరువాత పాట పెట్టు. శబ్దం తగ్గించి పెట్టు. ముసలివారి చెవులకు మోత నిజంగానే బాధ కలిగిస్తుంది, దానికి సిద్ధాంతంతో పని లేదు. ఆయన ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఆయన కూర్చునే కూడికల్లో కంజీరతో సరిపెట్టుకుని, డ్రమ్స్ యవనస్థుల కూడికకు ఉంచుకోవడం నీకు పెద్ద నష్టమేమీ కాదు.

ప్రశ్న: మా కూడికలో ఇంగ్లీషు పాట పెడితే సగం మందికి అర్థం కాక దిక్కులు చూస్తున్నారు. పాట ముందు పెట్టాలా, జ్ఞాపకం ముందు చెప్పాలా?
– సింగరాయకొండ పాఠకుడు

జవాబు: జ్ఞాపకమే ముందు చెప్పండి, అదీ క్లుప్తంగా: ఈ పాట ఎక్కడ విన్నారు, అప్పుడు మీ ఇంట్లో ఏం జరుగుతోంది, దేవునితో మీకు మాటలున్న రోజులా, లేని రోజులా అన్నంతవరకు. తరువాత ఒక్క చరణం అర్థం తెలుగులో చెప్పి పాట పెడితే చాలు. ఒక మనిషికి ఒక పాటే ఇవ్వండి, మూడేసి పాటలు తెచ్చేవారి వల్లనే చివరివారికి సమయం చాలదు.