టెక్ సందేహాలు: కొనే ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

ఈమధ్య వస్తున్న మెయిళ్లలో చాలావాటిది ఒకటే పాట. 'స్లో అయిపోయిందండీ, ఏం కొనమంటారు?' ఏం కొనాలో అడిగేవాళ్లే తప్ప, ఎక్కడ ఆగుతోందో చూశామని రాసేవాళ్లు కనిపించడం లేదు. అందుకే ఈసారి ఆ కోవ ప్రశ్నలే తీసుకున్నాను.

విశాఖ ద్వారకానగర్‌లోని ఒక ఆడిటర్ ఆఫీసు నుంచి: మా దగ్గర ఆరు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. పొద్దున్నే ఆన్ చేస్తే ట్యాలీ తెరుచుకునేలోపు కిందకెళ్లి టీ తాగి రావచ్చు. షాపువాళ్లు చెప్పారని 8 జీబీ ర్యామ్‌ను 16 చేయించాం. ఏ తేడా లేదు. ఇప్పుడేమో ప్రాసెసర్ పాతది, సిస్టమ్‌లే మార్చేయండి అంటున్నారు. మార్చేయమంటారా?

ఆగండి. షాపులో ర్యామ్ ఉంది కాబట్టి ర్యామ్ వేశారు, రేపు సిస్టమ్‌లు ఉంటే సిస్టమ్‌లు అమ్ముతారు, వాళ్లనీ అనడానికి లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే, సిస్టమ్‌లో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ వస్తుంది. సిస్టమ్ మొరాయిస్తున్న ఆ నిమిషంలోనే దాన్ని తెరవాలి. మధ్యాహ్నం తీరిగ్గా తెరిచి 'అంతా బాగానే ఉందే' అంటే లాభం లేదు. మీరు పంపిన ఫొటోలో (ఫోన్‌తో వాలుగా తీసినదే అయినా అంకెలు తెలుస్తున్నాయి, సంతోషం) సీపీయూ 12 శాతం, మెమరీ 41 శాతం, డిస్క్ 100 శాతం. అంటే ప్రాసెసర్ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది, ర్యామ్‌లో సగం పైగా ఖాళీ, పాపం హార్డ్ డిస్క్ ఒక్కటే చచ్చేంత పని చేస్తోంది. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను సెకనుకు వంద సార్లు చదవగలిగితే గొప్ప. తిరిగే భాగాలే లేని కొత్తరకం డిస్క్, అంటే మామూలు ఎస్‌ఎస్‌డీ, వేల సార్లు చదువుతుంది. పొద్దున్నే యాంటీవైరస్, అప్‌డేట్, ట్యాలీ మూడూ ఒకేసారి ఆ పళ్లెం మీద పడుతున్నాయి.

ప్రాసెసర్ మారిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. పది నిమిషాల పనిలో ఎనిమిది నిమిషాలు డిస్క్ కోసం ఎదురుచూపే అనుకుందాం. ప్రాసెసర్‌ను రెట్టింపు వేగంది పెట్టినా మిగిలిన రెండు నిమిషాలు ఒకటవుతాయి, అంతే. పది నిమిషాల పని తొమ్మిది నిమిషాలు. ఈ లెక్కను జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లోనే చెప్పాడు, మన షాపుల దాకా ఇంకా రాలేదు.

కాబట్టి ఆరింటికీ ఎస్‌ఎస్‌డీలు వేయించండి. ఒక్క సంగతి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. వీటిలో ఏ సిస్టమ్ విండోస్ 11 తీసుకోదో ముందు చూసుకుని, దాని మీద మాత్రం ఖర్చు పెట్టకండి. ఇక ఊడదీసిన పాత డిస్కులను 'ఎక్స్చేంజ్' అని షాపులో వదిలేసి రావద్దు, బతిమాలి చెబుతున్నాను. మీ క్లయింట్ల పాన్‌లు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ వాటిలోనే ఉన్నాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన పోవు. పూర్తిగా ఓవర్‌రైట్ చేయించండి, లేదంటే మీ కళ్ల ముందే సుత్తి పెట్టి కొట్టించండి.

డిస్కులు మార్చిన వారానికి మళ్లీ మెయిల్ చేస్తారని కూడా నాకు తెలుసు. ఒక అడ్డు తీస్తే అది ఇంకోచోటికి జరుగుతుంది. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ కట్టాక అక్కడ ఆగే బండ్లు పోయి గాజువాక జంక్షన్‌లో ఆగుతున్నట్టే. మీ ట్యాలీ డేటా అంతా ఒక సిస్టమ్‌లో పెట్టి మిగతా అయిదూ వైఫై మీద తెరుస్తున్నామని రాశారు, తర్వాతి అడ్డు అదే. వైర్ లాగించండి.

ఎంవీపీ కాలనీ నుంచి: వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తాను. 200 ఎంబీపీఎస్ ప్లాన్. ల్యాప్‌టాప్‌కి వైర్ పెట్టి చూసినా 94 దాటడం లేదు. ప్లాన్ 300కి మార్చుకోమని కస్టమర్ కేర్ సలహా.

మార్చుకుంటే 300కి డబ్బు కట్టి 94 వాడుకుంటారు. 94 అనే అంకెను చూడగానే అర్థం కావాలి, ఎక్కడో ఒక లింక్ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయిందని. రౌటర్ పోర్టు 100దే అయినా కావచ్చు, కేబుల్ అయినా కావచ్చు. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిదీ ఆడాలి, నాలుగే ఆడితే 100కి దిగిపోతుంది, ఎవరికీ చెప్పదు. సముద్రానికి దగ్గర్లో బాల్కనీ గోడ మీదుగా లాగిన వైర్ అయితే ముందు ఆ చివర ప్లగ్ ఊడదీసి చూడండి, పిన్నుల మీద చిలుము పట్టి ఉంటుంది. కొత్త ప్లగ్ కొట్టిస్తే సరిపోతుంది.

ఆటోనగర్‌లో ఒక యూనిట్ అకౌంటెంట్: మా సిస్టమ్‌లు, నెట్ అన్నీ బాగానే ఉన్నాయి సార్. పని ఆగేది ఓటీపీ దగ్గర. జీఎస్టీకైనా బ్యాంకుకైనా ఓటీపీ మా ఓనర్‌గారి ఫోన్‌కే వస్తుంది. మొన్న 20వ తారీఖున ఆయన ఫ్యామిలీతో అరకు రైలెక్కారు. సొరంగాల్లో సిగ్నల్ లేదు, సాయంత్రం దాకా రిటర్న్ వేయలేకపోయాం. ఆయన ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లు ఆటోమేటిగ్గా నా ఫోన్‌కి వచ్చే యాప్ ఒకటి ఉందట. లింక్ ఎవరో వాట్సాప్‌లో పంపారు. వేసుకోవచ్చా?

వేయకండి. అసలు సమస్యను మీరు సరిగ్గా పట్టుకున్నారు, పైన ఇద్దరికన్నా నయం. అడ్డు మెషీన్‌లో లేదు, ఒక మనిషి జేబులో ఉంది. కానీ దానికి వెతుక్కున్న మందు చూసి నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది.

పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్‌గా దిగేవి) వచ్చి జనం ఖాతాలు ఖాళీ అవుతున్నాయి కదా, వాటిలో చాలావరకు చేసే పని సరిగ్గా ఇదే. ఫోన్‌కి వచ్చిన ఎస్‌ఎంఎస్‌లు చదివి ఇంకో నంబర్‌కి పంపడం. దొంగలు మాయ చేసి వేయించేదాన్ని మీరు ఆఫీసు పనికోసం మీ అంతట మీరే వేయబోతున్నారు. 2018 నుంచి గూగుల్ ప్లే స్టోర్‌లో ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి మీద గట్టి ఆంక్షలున్నాయి, అందుకే ఇలాంటివి లింకుల రూపంలో తిరుగుతుంటాయి. పైగా అది జీఎస్టీ ఓటీపీ వరకే పంపి ఊరుకోదు. ఆయన సొంత ఖాతా, డీమ్యాట్, ఇంట్లోవాళ్ల ఆధార్, అన్నీ మీ ఫోన్‌కి వస్తాయి, యాప్ చేసినవాడి దగ్గరికీ వెళ్తాయి. రేపు డబ్బు పోతే బ్యాంకు ఏమంటుందో తెలుసా? 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్‌తో వచ్చిన నిబంధన ప్రకారం కస్టమర్ నిర్లక్ష్యంతో, అంటే వివరాలు తనే వేరేవాళ్లకిచ్చి, డబ్బు పోతే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మొత్తం కస్టమర్‌దే. అప్పుడు ఓనర్‌గారు ముందు చూసేది మీ వైపే. ఇప్పటికే వేసుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ ఫోన్‌కి నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, డబ్బు కదిలినట్టుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మరి చేయాల్సింది ఏమిటంటే, జీఎస్టీ పోర్టల్‌లోనే ఒకరికంటే ఎక్కువమంది ఆథరైజ్డ్ సిగ్నేటరీలను, అంటే సంస్థ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లను, చేర్చుకోవచ్చు. ఓనర్‌గారు నమ్మే రెండో మనిషి, ఇంటావిడో తమ్ముడో, ఎవరో ఒకరు ఊళ్లో ఉంటారు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఓటీపీతో పని కాదు, డిజిటల్ సిగ్నేచర్ కావాలి, అప్పుడు ఆ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌ను పిన్ రాసిన స్టిక్కర్‌తో సహా మీ డ్రాయర్‌లో పెట్టే అలవాటు మొదలవుతుంది. అదీ వద్దు. ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ ప్రకారం ఆ టోకెన్‌లోని సంతకపు కీని తన అధీనంలో ఉంచుకోవాల్సిన బాధ్యత సంతకందారుదే. బ్యాంకుకైతే కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో మేకర్, చెకర్ అని విడివిడి లాగిన్‌లు అడగండి. మీరు మీ సొంత లాగిన్‌తో పేమెంట్లు ఎక్కించి పెడతారు, ఆయన వీలున్నప్పుడు చూసి ఓకే చేస్తారు. బిల్లు వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి విసిగించకుండా పదకొండింటికోసారి, నాలుగింటికోసారి అన్నీ కలిపి పెట్టండి, ఆయనా ఆ టైముకి ఫోన్ చూసుకోవడం అలవాటు చేసుకుంటారు. అన్నిటికన్నా తేలికైన దారి, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్ 3బీని 20వ తారీఖు దాకా నానబెట్టకుండా 17కే వేసేయడం. ఆలస్యమైతే పన్ను ఉన్న రిటర్న్‌కి మామూలుగా రోజుకు 50 రూపాయల ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అరకు రైలు ఏమీ తగ్గించదు.

ఇక నా గోడు కాస్త వినండి. ఈ సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్లు ఆఫీసు అంటే ఒక మనిషి, ఒక ఫోన్ అనుకుంటారు. పదిమంది పనిచేసే చోట అమ్మే బిల్లింగ్ ప్యాకేజీలో కూడా 'అడ్మిన్' అని ఒకే లాగిన్ పెట్టి, రెండో యూజర్ కావాలంటే ఇంకో లైసెన్స్ కొనమంటారు. దాంతో ఏమవుతుంది? పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటిస్తారు. ఉద్యోగం మానేసి వెళ్లిన కుర్రాడికి కూడా అది తెలుసు. ఆ తర్వాత 'యూజర్లకు సెక్యూరిటీ మీద అవగాహన లేదు' అని వాళ్లే ఉపన్యాసాలిస్తారు. ఓటీపీ వచ్చేలోపు సెషన్ ముగిసిపోయే పోర్టళ్లు, నింపినదంతా చెరిపేసి మళ్లీ మొదటి పేజీకి తోసేవి, ఫైలు రెండు ఎంబీ దాటకూడదని అంతా అప్‌లోడ్ అయ్యాక చెప్పేవి, వీటి దగ్గర ఎంతమంది ఎన్ని గంటలు కూర్చుంటున్నారో ఆ డిజైన్ చేసినవాళ్లను ఒక్కరోజు ఏ మీసేవ కౌంటర్‌లోనో కూర్చోబెడితే తెలుస్తుంది. నిబంధన పాటించి పని చేసుకోవడం కష్టంగా, ఉల్లంఘించడం తేలిగ్గా ఉంటే జనం ఏం చేస్తారో ఊహించడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

మధురవాడ నుంచి: స్మార్ట్ టీవీ అప్‌డేట్ అయినప్పటి నుంచి రిమోట్ నొక్కిన కాసేపటికి గానీ కదలడం లేదు. ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాం.

ఈ జాతి టీవీల మీద నాకు సదభిప్రాయం లేదు. పదేళ్లు మన్నే తెరకు, కొన్న రోజే ఆయాసపడే చిప్‌ను తగిలించి అమ్ముతారు. ర్యామ్ ఫోన్‌లో ఉన్నంత కూడా ఉండదు. అప్‌డేట్‌తో హోమ్ పేజీలో ప్రకటనలు పెరుగుతాయి, పాత వెర్షన్‌కి వెళ్లే దారి మామూలుగా ఇవ్వరు. ఆ టీవీకి వైఫై తీసేసి, తెరగా మాత్రమే వాడుకుంటూ, విడిగా ఒక స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి తగిలించుకుని నెట్‌లో సినిమాలు చూసే చిన్న పరికరం) పెట్టుకోండి. దానికి పవర్ టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా గోడ ప్లగ్ నుంచి ఇవ్వండి, లేకపోతే సినిమా మధ్యలో అదీ రీస్టార్ట్ అవుతుంది.