కదిలే బెల్టు మీద నిలకడ

ప్రశ్న: మాది తిరుపతి. బెంగళూరులో చదువుకుంటున్న మా అబ్బాయి సెలవులకు వస్తూ స్లాక్‌లైన్ అనే వెడల్పాటి బెల్టు తెచ్చాడు. దాన్ని పెరట్లోని వేపచెట్టుకూ మేడమెట్ల పక్కనున్న స్తంభానికీ మధ్య కట్టి రోజూ సాయంత్రం నడుస్తున్నాడు. ఒళ్లంతటికీ మంచి వ్యాయామమంటూ నన్నూ ఎక్కమంటున్నాడు. నా వయసు 44 ఏళ్లు, రోజంతా కూర్చుని చేసే బ్యాంకు ఉద్యోగం. ఎక్కాలని ఆశగానే ఉంది కానీ, చిన్నప్పుడు దొమ్మరాటలో తాడు మీది నడక చూసినప్పటి భయం ఇంకా పోలేదు. ఇది నిజంగా వ్యాయామమేనా? ఈ వయసులో మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. అయితే అంతకంటే ముందు, స్తంభానికి కట్టిన కొసను ఈ రోజే విప్పించండి. బెల్టు మీద నిలబడిన మనిషి బరువు అరవై కిలోలే కదా అనిపిస్తుంది కానీ, అడ్డంగా బిగించిన బెల్టు ఆ బరువును ఎన్నో రెట్లు పెంచి రెండు కొసలనూ లాగుతుంది. 60 కిలోల మనిషి 6 మీటర్ల బెల్టు నడిమధ్యన నిలబడినప్పుడు అది 30 సెంటీమీటర్లు కిందికి దిగితే ఒక్కొక్క కొస మీద పడే లాగుడు సుమారు 300 కిలోల బరువుతో సమానం. ఇంకా బిగించి ఆ వంపును 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే అది 600 కిలోలకు చేరుతుంది. పై నుంచి పడే బరువును మోయడానికి కట్టిన స్తంభం పక్కకు లాగే ఇంతటి బలానికి తట్టుకుంటుందని నమ్మకూడదు. ప్రహరీ గోడలు, నీళ్ల ట్యాంకు దిమ్మెలు కూడా ఇందుకు పనికిరావు. కాండం అడ్డుకొలత కనీసం 30 సెంటీమీటర్లున్న, వేళ్లు గట్టిగా పట్టిన పచ్చని చెట్లు రెండు కావాలి. బెరడు ఒరుసుకుపోకుండా బెల్టు కింద మడతపెట్టిన గోనెసంచి చుట్టించండి. లారీలో సరుకు బిగించడానికి వాడిన పాత బెల్టులను ఈ పనికి వాడనివ్వకండి.

ఇక మీ భయం సంగతి. దొమ్మరాటలో తాడును ఎత్తుగా, గట్టిగా బిగించి కడతారు, నడిచేవారి చేతుల్లో సాధారణంగా పొడవాటి గడ ఉంటుంది. స్లాక్‌లైన్ అమెరికాలోని యోసెమిటీ లోయలో కొండలెక్కేవారి మధ్య 1980 ప్రాంతాల్లో పెరిగిన ఆట. వారు తమ దగ్గరున్న నైలాను పట్టీలనే కట్టుకుని తీరిక వేళల్లో నడిచేవారు. ఈ పట్టీ సాగుతుంది, ఊగుతుంది, చేతిలో గడ ఉండదు. మీకు కావలసిన ఎత్తు మోకాలంత మాత్రమే కాబట్టి, తూలినప్పుడు ఒక అడుగు కిందికి వేస్తే చాలు.

మొదటిసారి ఎక్కగానే కాలు కుట్టుమిషన్ సూదిలా టకటకా వణుకుతుంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇక్కడే, కాళ్లలో బలం లేదనుకుని దిగిపోతారు. బలానికీ ఆ వణుకుకూ సంబంధం తక్కువ. పట్టీ ఒక పక్కకు జరగగానే చీలమండ కండరాలు దాన్ని వెనక్కి లాగుతాయి, ఆ లాగుడు కాస్త ఎక్కువై పట్టీ రెండో పక్కకు పోతుంది, మళ్లీ లాగుతాయి. అభ్యాసం సాగేకొద్దీ నాడీవ్యవస్థ ఆ అతి తొందరను అణచుకోవడం నేర్చుకుంటుంది. అందరికీ ఒకే వేగంతో రాదు కానీ, వణికే కాలు దానంతటదే నెమ్మదించే ఆ క్షణం ఎంతో సంతోషాన్నిస్తుంది, అది మీకూ కలగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మొదటి వారం నడక జోలికి పోకండి. పట్టీ పొడవు నాలుగైదు మీటర్లకు మించనివ్వకండి. చెప్పులు విడిచి, పాదాన్ని పట్టీ వెంట నిలువుగా ఆనించి, మోకాలు కొద్దిగా వంచి, చేతులు భుజాలకంటే పైకెత్తి, ఎదుటి చెట్టు కాండం మీద ఒకే చోట చూపు నిలిపి ఒంటికాలి మీద నిలబడండి. పాదాల వైపు చూస్తే తూలిపోతారు. పది సెకన్లు నిలవగలిగితే కాలు మార్చండి. రెండు కాళ్లకూ ఇది కుదిరాక మొదటి అడుగు వేయండి. కింద రాళ్లు లేని మెత్తటి నేల ఉండాలి, మొదట్లో పక్కన అబ్బాయి భుజం అందుబాటులో ఉండాలి. ఆట ముగియగానే పట్టీ విప్పేయించండి, మసక చీకట్లో అది ఎవరి కాళ్లకైనా అడ్డం పడవచ్చు.

వ్యాయామమా అని అడిగారు. పిక్కలు, తొడలు, పిరుదులు, నడుమును నిలబెట్టే లోపలి కండరాలు, భుజాలు అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి, కాబట్టి ఒళ్లంతటికీ అన్న మాట నిజమే. కానీ గుండెకూ ఊపిరితిత్తులకూ అందవలసిన శ్రమ ఇందులో చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమకు చురుకైన నడకో, అలిపిరి మెట్లో ఉండనే ఉండాలి. పైగా పట్టీ మీద వచ్చిన నిలకడ చాలావరకు ఆ పట్టీకే చెందుతుంది, అదొక్కటే నేర్చుకుంటే అన్ని పడిపోవడాల నుంచీ కాపాడుతుందని అనుకోకండి. తల తిరుగుడు, ఎముకల బలహీనత, ఈమధ్య బెణికిన చీలమండ ఉన్నవారూ, గర్భిణులూ వైద్యుల సలహా లేకుండా ఎక్కకూడదు.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. నడుస్తూ రెండుసార్లు తూలారు. ఆయనకూ ఇది నేర్పించవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: వద్దు. ముందు ఆయన ఎందుకు తూలుతున్నారో వైద్యులకు చూపించి తెలుసుకోండి, వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లండి. వైద్యులు సరేనన్నాక వంటింటి గట్టును రెండు చేతులా పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడడం, గోడ పక్కనే ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకు ఆనేలా అడుగులు వేయడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం చేయించండి. చేస్తున్నంతసేపూ మీరు ఆయన పక్కనే నిలబడి ఉండండి.