రేపు ఏమవుతుందో తెలియనప్పుడు ఇవ్వడం ఆపాలా?

ప్రశ్న: మా కంపెనీలో ఉద్యోగులను తీసేస్తున్నారు. నా వంతు ఎప్పుడొస్తుందోనని టెన్షన్‌గా ఉంది. ఇన్నాళ్లూ జీతంలో పదో వంతు చర్చికి ఇస్తున్నాం. చుట్టాలబ్బాయి చదువుకూ నెలనెలా పంపుతున్నాం. చేతిలో ఉన్న డబ్బు రెండు నెలల ఖర్చుకు వస్తుంది. పరిస్థితి కుదుటపడేదాకా ఇవ్వడం ఆపేద్దామని నేను, ఆపితే విశ్వాసం లేనట్టేనని నా భార్య. ఏం చేయమంటారు?

జవాబు: "కుదుటపడేదాకా" అన్నారు. ఆర్థిక సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ మాట అననివాళ్లు తక్కువ. ఉద్యోగం గట్టిపడ్డాక అంటారు, తర్వాత ఇల్లయ్యాక అంటారు, ఆ తర్వాత పిల్లల చదువులు. బైబిల్లోని ప్రసంగి గ్రంథం 11వ అధ్యాయం 4వ వచనంలో కనిపించేది ఈ మనిషే. గాలి చూస్తూ కూర్చుని విత్తడు, మబ్బులు చూస్తూ కూర్చుని కోయడు.

రెండు వచనాల ముందున్న మాట మీకు ఇంకా దగ్గర: "ఏడుగురికిని ఎనమండుగురికిని భాగము పంచిపెట్టుము, భూమిమీద ఏమి కీడు జరుగునో నీవెరుగవు." రేపటి సంగతి తెలియదు కాబట్టి దాచుకుందాం అంటాం మనం. తెలియదు కాబట్టే పంచిపెట్టమంటాడు ప్రసంగి. మా వృత్తిలో కొందరు దీన్ని పెట్టుబడులు ఏడెనిమిది చోట్ల పెట్టమనే సలహాగా వాడుకుంటారు. దాని ముందున్న "నీ ఆహారమును నీళ్లమీద వేయుము" అనే వచనాన్ని సముద్ర వ్యాపారంగా చదివే పండితులు ఉన్నారు కాబట్టి అది తప్పని అనను. కానీ యూదు వ్యాఖ్యాతలు పాతకాలం నుంచీ దాన్ని దానంగా చదివారు. నాకూ అదే సబబనిపిస్తుంది. భాగం అందుకున్న ఇంటివాళ్లు రేపు మీకు తలుపు తీయవచ్చు, తీయకపోనూవచ్చు. అందుకేనేమో ఒక్కరికి కాదు, ఏడెనిమిది మందికి పెట్టమన్నాడు.

బైబిల్లోనే అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో అగబు అనే ప్రవక్త లోకమంతా కరవు వస్తుందని చెబుతాడు. ఆ కబురు విన్న అంతియొకయ పట్టణంలోని క్రీస్తు శిష్యులు తమకేం మిగులుతుందని లెక్క వేసుకోలేదు. యూదయలోని సహోదరులకు సాయం పంపాలని నిశ్చయించుకున్నారు, "శక్తికొలది". నా పని మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

శక్తికి మించి ఇమ్మని అపొస్తలుడైన పౌలు కూడా అడగలేదు. కలిమి కొద్దీ ఇచ్చిందే ప్రీతికరమని రెండో కొరింథీ పత్రిక 8:12లో రాశాడు. క్రెడిట్ కార్డు బాకీ పెట్టుకుని చర్చికి కానుకలిస్తుంటే ముందు ఆ బాకీ తీర్చండి. దాచుకోవడం అవిశ్వాసమూ కాదు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్లు పంటలో ఐదో వంతు నిల్వ చేయించబట్టే కరవులో తన అన్నలకూ ధాన్యం దొరికింది.

మీ దగ్గర రెండు నెలల ఖర్చే ఉంది, కనీసం ఆరు నెలలది కావాలి. దానికోసం మొదట కానుక మీద చెయ్యి వేయకండి. దీర్ఘకాలిక పెట్టుబడుల్లోకి నెలనెలా వెళ్లేది కొన్నాళ్లు ఆపి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో వేయండి. పెద్ద కొనుగోళ్లు వాయిదా వేయండి. అప్పటికీ చాలకపోతే పదో వంతును ఇరవయ్యో వంతు చేయండి, కానీ సున్నా చేయకండి. ఒకసారి పూర్తిగా ఆపినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడం నేను పెద్దగా చూడలేదు. ఎంత ఇచ్చినా ఆ నెల వచ్చినదాంట్లో వంతుగానే ఇవ్వండి. జీతం ఆగిన నెలలో సున్నాకు పదో వంతు సున్నాయే, దానికి మీ భార్య బాధపడాల్సింది లేదు.

అబ్బాయి చదువు లెక్క వేరు. కానుక తగ్గితే చర్చి నడుస్తుంది, ఫీజు మధ్యలో ఆగితే వాడి ఏడాది పోతుంది. ఈ విద్యా సంవత్సరం చివరిదాకా కావలసినది ఇప్పుడే లెక్కగట్టి, ఆ ఆరు నెలల అత్యవసర నిధితో కలపకుండా పక్కన పెట్టండి. ఆ తర్వాతి సంవత్సరం గురించి మాట ఇవ్వలేకపోతున్నామని వాడి తల్లిదండ్రులకు ఈ వారమే చెప్పండి. ఇంకో దారి వెతుక్కోవడానికి వాళ్లకు కొన్ని నెలలైనా దొరుకుతాయి.