మూడు పత్తాల లెక్క పోకర్‌ల పెట్టకు

అల్లుడా,

పండుగకు అందరు జమైతే పోకర్ ఆడుదామంటున్నవట. మూడు పత్తాలు, రమ్మీ వచ్చినోనికి ఇది తొందరగనే పట్టుపడ్తది. తప్పులు గూడ ఆ అలవాట్లకెళ్లే వస్తయి.

ముందుగాల ఏది దేన్ని కొడ్తదనే వరుస దిద్దుకో. మూడు పత్తాలల్ల సీక్వెన్స్ (వరుసగ వచ్చే పత్తాలు) కలర్‌ను (అన్ని ఒకే గుర్తువి) కొడ్తది. పోకర్‌ల ఉల్టా. దానికి లెక్కుంది: 52 పత్తాలల్ల మూడేసి తీస్తే కలర్లు 1,096 తీర్ల పడ్తయి, సీక్వెన్సులు 720 తీర్లే. అయిదేసి తీస్తే కలర్లు 5,108, సీక్వెన్సులు 10,200. తక్కువ పడేదే పెద్దది. నువ్వు నెత్తిన పెట్టుకునే ట్రయల్, అంటే మూడు ఒక్కతీరువి, సుత ఇక్కడ సీక్వెన్స్ కిందనే. కిందికెళ్లి మీదికి: పెద్ద పత్తా, జోడి, రెండు జోడీలు, ట్రయల్, సీక్వెన్స్, కలర్, ఫుల్ హౌస్ అంటే ట్రయల్‌తోని జోడి, నాలుగు ఒక్కతీరువి, ప్యూర్ సీక్వెన్స్ అంటే ఒకే గుర్తుల సీక్వెన్స్.

తలా రెండు పత్తాలు మూసి పంచుతరు. పంచినోని ఎడమపక్కోడు చిన్న బ్లైండ్, ఆ పక్కోడు పెద్ద బ్లైండ్, అంటే తప్పనిసరి పందెం, ముందే పెట్టాలె. మన బ్లైండ్ వేరు, ఇది వేరు. చూడకుంట ఆడితే సగం రేటు అనేది ఇక్కడ లేదు. ఒక సుట్టు పందెం అయినంక నడుమ మూడు పత్తాలు తెరుస్తరు, అది ఫ్లాప్. మళ్ల పందెం, ఒకటి తెరుస్తరు, టర్న్. మళ్ల పందెం, ఆఖరిది రివర్, ఆఖరి పందెం. చేతిల రెండు, నడుమ అయిదు, ఆ ఏడింట్ల మంచి అయిదే నీ ఆట.

ఇగ కొనుడు లెక్క, అంటే పందెం కట్టి తర్వాతి పత్తా చూసుడు. చేతిల ఇస్పేటు జాకీ, ఎనిమిది. నడుమ ఇస్పేటు రాజు, ఇస్పేటు నాలుగు, డైమన్ రెండు. కలర్‌కు ఒక్క ఇస్పేటు కావాలె, మిగిలినయి 9. తొమ్మిదిని రెండుతోని గుణిస్తే వచ్చే పత్తాకు నూటికి 18, అసలుకు 19 దాక. నడుమ పందెంల 20 చింతగింజలున్నయి, అవతలోడు 10 ఏసిండు. నువ్వు 10 ఏస్తే మొత్తం 40ల నీది 10, అంటే నూటికి 25. పందొమ్మిది వచ్చేదానికి ఇరవై అయిదు పెట్టుడు నష్టమే, ప్యాక్ చెయ్యి, అంటే పత్తాలు పడేసి తప్పుకో. వాడు 4 ఏస్తే 28ల 4, అప్పుడు ఆడు. కలర్ పడ్డంక వాడింకా మస్తుగ పెడ్తడని గట్టి నమ్మకముంటే ఆ 10 వేరే సంగతి, కొత్తల మాత్రం నమ్మకు.

రమ్మీల మొదటి డ్రాప్‌కు 20 పడ్తది. ఇక్కడ బ్లైండ్ నీది కాకపోతే డ్రాప్‌కు పైస ఖర్చులేదు, అయినా కొత్తోళ్లు ప్రతి చెయ్యి ఆడ్తరు. పదింట్ల ఏడెనిమిది పడెయ్యి. జోడి 17 చేతులకు ఒకసారే పడ్తది, ఓపిక పట్టు. ఆసు-రాజు, ఆసు-రాణి, పెద్ద జోడీలు ఆడు. పంచేటోడు నువ్వయితే ఫ్లాప్ కాడికెళ్లి ఆఖరు మాట నీదే, అప్పుడు కొంచెం ఎక్కువ ఆడినా నడుస్తది.

పైసలు వద్దు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణల 2017ల సవరించిండ్రు, ఫోన్‌ల పైసలతోని ఆడుడు గూడ నేరమే. చింతగింజలు తలా 100, బ్లైండ్లు 1, 2. అయిదుగురికి 500 ఏరి పెట్టు, పుచ్చువి తీసెయ్యి. కుప్పల ఎంచేటప్పుడు పొడైతే లొల్లి మొదలైతది.

మీ మామ,
దేవరకొండ