టెన్షన్ తలనొప్పికి రోజూ మాత్ర వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: పని ఒత్తిడితో తల పట్టేస్తోంది, దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నాను, ప్రమాదమేమైనా ఉందా, అసలు టెన్షనే తగ్గడానికి మంచి మందేదైనా ఉందా అని.

ఎప్పుడో ఒకసారి వేసుకుంటే అది మంచి మందే. దాదాపు రోజూ వేసుకుంటుంటే మాత్రం, మీ తలనొప్పికి ఇప్పుడు ఆ మాత్రే కారణం అయ్యుండొచ్చు. ఈ రెండో మాట చాలామంది నమ్మరు. మా అక్క కూడా నమ్మలేదు. ఆమెతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్లింది నేనే కాబట్టి అక్కడ జరిగింది చెబుతాను.

అక్కది లెక్కలు చూసే ఉద్యోగం. ఆడిట్ దగ్గరపడితే రాత్రి నిద్ర ఉండదు. మెడ వెనక మొదలై, నుదురు చుట్టూ పట్టీ బిగించినట్టు నొప్పి. మొదట్లో మాత్ర వేసుకుంటే పోయేది. తర్వాత పొద్దున లేస్తూనే నొప్పి, మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఊరట, మళ్లీ నొప్పి. తలలో గడ్డేదో ఉందని భయపడి, స్కాన్ తీయించుకోవాలని పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి బయలుదేరింది.

ఆ డాక్టరమ్మ తొందరపడి స్కాన్ రాయలేదు. బీపీ చూశారు, కళ్లలోకి లైటు వేసి చూశారు, మెడ, భుజాలు నొక్కి చూశారు. ఏం మాత్రలు వేసుకుంటున్నావమ్మా అని అడిగితే అక్క "మామూలువే, నొప్పి వచ్చినప్పుడే" అంది. "నీ దగ్గరున్నవన్నీ ఒకసారి బల్ల మీద పెట్టు" అన్నారామె. అక్క హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక్కో స్ట్రిప్ తీస్తుంటే నాకే నోట మాట రాలేదు. ఉత్త పారాసెటమాల్ ఒకటి, కెఫీన్ కలిపినది ఒకటి, ఐబుప్రోఫెన్ కలిపినది ఒకటి, జలుబు మాత్రలు వేరే. డాక్టరమ్మ ఒక్కో స్ట్రిప్ తిప్పి, వెనకున్న అక్షరాల మీద పెన్ను పెట్టి చూపించారు. "వీటన్నిట్లోనూ పారాసెటమాల్ ఉంది. నువ్వు వేర్వేరు మందులనుకుని ఒకే మందు మళ్లీమళ్లీ వేసుకుంటున్నావు."

ఇక్కడ ఒక మాట. పారాసెటమాల్ మోతాదులో వాడితే ఎంత నెమ్మదైన మందో, మోతాదు దాటితే లివర్‌కి అంత చేటు. పెద్దవాళ్లకి 24 గంటల్లో 4 గ్రాములే గరిష్ఠం. బరువు బాగా తక్కువున్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు ఇంకా తక్కువకే ఆగాలి. దాటితే వెంటనే తెలుస్తుందా అంటే అదీ లేదు. మొదటి రోజు మనిషి మామూలుగానే ఉండొచ్చు, లోపల లివర్ దెబ్బతింటూ ఉంటుంది. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ మొదటి 8 గంటల్లో మొదలుపెడితేనే అది బాగా పనిచేస్తుంది. అందుకే పొరపాటున ఎక్కువ పడిందని తెలిస్తే బాగానే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

స్ట్రిప్పుల మీద అక్షరాల గురించి కూడా చెప్పాలి. కంపెనీ పేరు ఇంత లావున వేస్తారు, లోపల ఏ మందుందో మెరిసే రేకు మీద చీమ తలకాయంత అక్షరాలతో వేస్తారు. కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్లే ఎక్కువ మందులు వాడతారు, వాళ్లు చదవలేనట్టుగానే అచ్చు వేస్తారు. ఇది మారాలి. అప్పటిదాకా ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

అక్క విషయానికొస్తే, మాత్ర వేసుకున్న రోజునల్లా క్యాలెండర్‌లో గీత పెట్టమన్నారు. నెలాఖరుకి చూస్తే గీతలు లేని రోజులే తక్కువ. లెక్క ఇలా ఉంటుందని డాక్టరమ్మ వివరించారు: తరచూ తలనొప్పి వచ్చేవాళ్లు మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కెఫీన్‌లాంటివి కలిపిన మాత్రలైతే 10 రోజులు, అంతకన్నా ఎక్కువ, మూడు నెలలు దాటి వేసుకుంటే మాత్రల వల్లే తలనొప్పి స్థిరపడొచ్చు. మాత్ర ప్రభావం దిగినప్పుడల్లా నొప్పి, ఆ నొప్పికి ఇంకో మాత్ర. మానేస్తేనే తగ్గుతుంది. మానిన మొదటి వారం, పది రోజులు మాత్రం నొప్పి ఇంకా పెరుగుతుంది.

నిజంగానే పెరిగింది. అక్క సెలవు పెట్టి చీకటి గదిలో పడుకుంది. వాంతులు, చిరాకు, ఎవరు పలకరించినా ఏడుపు. ఒక్కటి వేసుకుంటానే అని అడిగితే నేను ఇవ్వలేదు, తల నొక్కుతూ పక్కన కూర్చున్నాను. తర్వాత మెల్లగా తగ్గింది. పూర్తిగా పోలేదు, ఆడిట్ రోజుల్లో ఇప్పటికీ వస్తుంది. అప్పుడు ఒక్క మాత్ర వేసుకుంటుంది, అది పనిచేస్తుంది.

ఈ మాట చెప్పగానే "చూశారా, ఇంగ్లీషు మందులన్నీ విషమే" అనేవాళ్లు తయారవుతారు. వాళ్ల మీద నాకు చాలా కోపం. 1897లో తయారైన ఆస్పిరిన్ ఇవాళ్టికీ గుండెపోటు వచ్చినవాళ్లకి మళ్లీ రాకుండా చిన్న మోతాదులో కాపలా కాస్తోంది. అదే ఆస్పిరిన్ జ్వరం వచ్చిన పిల్లలకి ఇస్తే మెదడుని, లివర్‌ని దెబ్బతీసే రేయ్స్ సిండ్రోమ్ (Reye's) అనే జబ్బు రావచ్చు. ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో 1971లో జాన్ వేన్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. నొప్పిని, వాపుని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను అది తయారు కానివ్వదు. కానీ కడుపు లోపలి పొరను కాపాడేవి, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్‌లదీ అదే దారి. నొప్పి తగ్గడమూ, కడుపులో పుండు పడటమూ ఒకే పని వల్ల జరుగుతున్నాయి. ఇది అర్థమైనవాళ్లు మందుని తిట్టరు, కళ్లు మూసుకుని మింగరు కూడా.

ఇక టెన్షన్‌కే మందు అన్నారు. ఉన్నాయి. అల్ప్రాజోలామ్, డయాజెపామ్ లాంటివి వేసుకున్న గంటలోపే మనసు నెమ్మదిస్తుంది. అందుకే అలవాటు పడతారు. కొన్ని వారాలకే శరీరం వాటి మీద ఆధారపడుతుంది. చాలాకాలం వాడి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. ప్రొప్రనొలాల్ గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. ఎస్సిటలోప్రామ్ లాంటివి ఆందోళన జబ్బుగా మారినవాళ్లకి నిజంగా మేలు చేస్తాయి, గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. వాటితో పాటు ఐబుప్రోఫెన్ కూడా మింగితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ఇవన్నీ పక్కింటివాళ్లు చెప్పారని కొనుక్కునేవి కావు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఏ మందైనా మొదలుపెట్టిన రోజే, ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి అని డాక్టరుని అడగాలి. బీపీ, షుగర్ మందుల్లా చాలాకాలం వాడాల్సినవైతే వాళ్లే ఆ మాట చెబుతారు. మిగతావాటికి తేదీ ఉండాలి. ఎన్నో ఇళ్లలో గ్యాస్ మాత్ర ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తుండదు, ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది. మానేద్దామని చూస్తే కొన్నాళ్లు యాసిడ్ ఎక్కువ ఊరి మంట పెరుగుతుంది, జబ్బు తిరగబెట్టిందని మళ్లీ వేసుకుంటారు. ఏళ్లు గడిస్తే బీ12 విటమిన్ తగ్గిపోవచ్చు. ఆపే తేదీ మొదటి రోజే రాసుకుని ఉంటే చాలామందికి ఇంత దూరం రాదు.

"టెన్షన్ పడకు" అని సలహా ఇవ్వడం కూడా మానేయాలి. పడాలని ఎవరూ పడరు. 1936లోనే హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్ని రకరకాల బాధలకు గురిచేసి చూస్తే, బాధ ఏదైనా అడ్రినల్ గ్రంథులు పెరిగాయి, కడుపులో పుండ్లు పడ్డాయి. ఒత్తిడి ఒంట్లో జరిగే పని, మాటతో పోదు. అక్కకి పనికొచ్చినవి చెబుతాను. ఒక్కో కండరాన్నీ బిగించి వదిలే జాకబ్సన్ పద్ధతి, రాత్రి పడుకునే ముందు పాదాల నుంచి మొదలుపెట్టి మెడ దాకా. పీల్చిన దానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలడం. సెలవు రోజైనా ఒకే వేళకి నిద్ర లేవడం. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది, తన మీద పడుతున్న వేరేవాళ్ల పని గురించి పైవాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వడం. కొంత పని తగ్గింది. నా లెక్కలో సగం నయం చేసింది అదే.

మీరు వేసుకునే మాత్ర పేరు రాయలేదు. అందులో కెఫీన్ ఉందో లేదో చూసి, నెలలో ఎన్ని రోజులు పడుతోందో చెప్పండి. రోజూ నిద్రమాత్ర కూడా వాడుతుంటే ఇది చదివి ఇవాళే ఆపేయొద్దు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, దాంతో పాటు చూపు మసకబారినా, మాట తడబడినా, చెయ్యో కాలో చచ్చుబడినట్టున్నా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా అది టెన్షన్ తలనొప్పి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.