పాత సిమ్ మారిస్తే నెట్ స్పీడు పెరుగుతుందా?

ప్రశ్న: నా సిమ్ తీసుకుని పన్నెండేళ్లు దాటింది. ఫోన్లు మూడు మారాయి కానీ సిమ్ అదే, మధ్యలో ఒకసారి కత్తిరించి చిన్నది కూడా చేయించాను. ఇప్పుడు 5జీ ఫోన్ కొన్నా నెట్ నత్తనడకే. సిమ్ పాతబడి సిగ్నల్ లాగడం లేదని అంటున్నారు, నిజమేనా? మారిస్తే నంబరు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నంబరు ఎక్కడికీ పోదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. సిమ్‌లో ఉండేది మిమ్మల్ని నెట్‌వర్క్ గుర్తుపట్టడానికి ఒక సంఖ్య, దాన్ని రుజువు చేయడానికి ఒక రహస్య తాళం. కొత్త సిమ్ ఇచ్చినప్పుడు కంపెనీ వాళ్లు తమ రికార్డుల్లో మీ పాత నంబరునే దానికి ముడిపెడతారు.

ఇక సిగ్నల్ లాగే పని సిమ్‌ది కానే కాదు. అది ఫోన్‌లోని యాంటెన్నా, మోడెమ్‌ల పని, మీరు చూసే వీడియో సిమ్ గుండా రాదు. పాతబడిన కొద్దీ నెట్ మెల్లగా నెమ్మదిస్తుందన్నది అపోహే.

అయితే సిమ్ ఏ కాలంది అన్నది మాత్రం ముఖ్యం. 2జీ రోజుల సిమ్‌తో 4జీలోకి ప్రవేశమే ఉండదు, దానికి 3జీతో పాటు వచ్చిన యూసిమ్ రకం కావాలి. 5జీలో రెండు పద్ధతులున్నాయి. 4జీ మీద ఆధారపడి నడిచే దానికి 4జీ సిమ్ సాధారణంగా సరిపోతుంది, పూర్తిగా సొంతంగా నడిచే 5జీకి మాత్రం కొన్ని కంపెనీలు కొత్త సిమ్ తీసుకోమంటాయి. కాబట్టి సెట్టింగుల్లో 5జీ ఆన్‌లోనే ఉండి, పక్కవాళ్లకు అదే కంపెనీ 4జీ, 5జీ వస్తూ మీ తెర మీద ఆ గుర్తు ఎప్పుడూ కనిపించకపోతే సిమ్‌ను అనుమానించండి. గుర్తు కనిపిస్తూనే స్లోగా ఉంటే టవర్ మీద రద్దీనో, గోడలు అడ్డురావడమో, రోజువారీ డేటా అయిపోవడమో, కంపెనీ వాడే ఏదైనా బ్యాండ్ (రేడియో తరంగాల శ్రేణి) మీ ఫోన్‌లో లేకపోవడమో చూడాలి.

ఊహించుకుంటూ కూర్చోకుండా మీ సిమ్‌ను ఇంకొకరి 5జీ ఫోన్‌లో, అదే కంపెనీ సిమ్ ఉన్న వాళ్లది మీ ఫోన్‌లో వేసి, ఒకే చోట, ఒకే సమయంలో చూడండి. స్లో ఏ సిమ్ వెంట వెళ్తే తప్పు దానిది లేదా దాని డేటా ప్లాన్‌ది, మీ ఫోన్‌లోనే ఉండిపోతే ఫోన్‌ది.

నన్నడిగితే ఈ పరీక్ష ఎలా తేలినా మీరు సిమ్ మార్చడమే మంచిది, కారణం స్పీడు కాదు, ఆ కత్తిరింపు. పాత సిమ్‌లు 0.76 మిల్లీమీటర్ల మందం, నానో సిమ్ 0.67 మాత్రమే. కోసిన ముక్క ట్రేలో బిగుసుకుపోవచ్చు, బంగారు రేకు అంచు తెగితే ఉన్నట్టుండి "సిమ్ లేదు" అని రావచ్చు. పైగా మీరు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్లినప్పుడల్లా ఫోన్ ఆ వివరాన్ని సిమ్‌లో రాస్తుంది, ఆ మెమరీ రాతలను తట్టుకోవడానికి ఒక హద్దుంది.

మార్చేముందు సిమ్‌లో దాచుకున్న ఫోన్ నంబర్లు, మెసేజ్‌లు ఫోన్‌లోకి కాపీ చేసుకోండి, అవి కొత్తదానిలోకి వాటంతట అవి రావు. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యేసరికి పాతది ఆగిపోతుంది, ఆ మధ్యలో ఓటీపీలు అందకపోవచ్చు, అందుకే బ్యాంకు పనులేవైనా ఉంటే అవి ముగించుకునే వెళ్లండి.