రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసే కారుకు ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

విజయవాడ భవానీపురంలో ఉంటున్న మీ మామగారి పెట్రోలు కారు మూడేళ్లలో 2,800 కిలోమీటర్లే తిరిగిందని రాశారు. పదివేల కిలోమీటర్లు నిండలేదు కాబట్టి ఆయిల్ మార్చనవసరం లేదని, రోజూ ఉదయం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాను కాబట్టి ఇంజన్‌కు ఢోకా లేదని ఆయన అంటున్నారు. ఆయన మాట నిజమేనా అన్నది మీ ప్రశ్న.

కాదండీ. ఆయిల్ మార్చాలి, ఇప్పటికే రెండేళ్లు ఆలస్యమైంది. బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికి ఒకసారి ఆయిల్, దానితోపాటు ఫిల్టర్ మార్చాల్సిందే. అంతకంటే ముందు ఆ ఐదు నిమిషాల స్టార్టింగును రేపటి నుంచే ఆపించండి. బండిని కాపాడుతున్నాననుకుని మీ మామగారు చేస్తున్న ఆ పనే దానికి ఎక్కువ హాని చేస్తోంది. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా నాన్నగారు గుంటూరు లక్ష్మీపురంలో ఉంటారు. బడిపంతులుగా పదవీ విరమణ చేశాక వచ్చిన డబ్బుతో చిన్న పెట్రోలు కారు కొన్నారు. మోకాలి ఆపరేషన్ తర్వాత దూర ప్రయాణాలు మానేశారు. వారానికి ఒకసారి రైతు బజారు, శనివారం గుడి, అంతే. రానూపోనూ కలిపినా మూడు కిలోమీటర్లు దాటదు. మిగతా రోజుల్లో పొద్దున్నే పేపరు చదివి, పాత పంచె ముక్కతో అద్దాలు తుడిచి, కారు స్టార్ట్ చేసి, చేతి గడియారం చూసుకుంటూ ఐదు నిమిషాలు ఆగి ఆపేసేవారు. "ఎద్దును కట్టేసి ఉంచితే కాళ్లు పట్టేస్తాయి, బండీ అంతే" అనేవారు. ఆ శ్రద్ధ చూసి నాకు ముచ్చటేసేది. ఆయిల్ సంగతి నేనూ అడగలేదు. మూడేళ్ల మూడు నెలలు గడిచాయి.

ఆ సంక్రాంతికి వెళ్లేసరికి కారు స్టార్ట్ కాలేదు. బ్యాటరీ దిగిపోయింది. ఇంటికి వచ్చిన మెకానిక్ వేరే బ్యాటరీతో వైర్లు తగిలించబోయి, ఆగి, ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగాడు. నాన్నగారు చెప్పిన జవాబు విని ముందు ఆయిల్ పోసే మూత తిప్పి తీశాడు. మూత లోపలివైపు పాల మీద మీగడ కట్టినట్టు లేత గోధుమ రంగు పొర. వేలితో గీస్తే వెన్నలా వచ్చింది. ఇక స్టార్ట్ చేయనని చెప్పి, కారు కిందికి దూరి, పాత బేసిన్ పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పాడు. ముందు జారినది ఆయిల్ కాదు, నీళ్లు. రెండు మూడు చెంచాలు ఉంటాయేమో, బేసిన్ అడుగున ముత్యాల్లా దొర్లాయి. ఆ తర్వాత గానీ నల్లటి ఆయిల్ పడలేదు. నీళ్లు బరువు కాబట్టి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అడుగుకు చేరాయి.

నాన్నగారు ఆ బేసిన్ వంకే చూస్తూ, "రోజూ స్టార్ట్ చేశాను కదయ్యా" అన్నారు. "అందుకే మాస్టారూ. పట్టిన చెమట ఆరకముందే మళ్లీ ఆపేస్తున్నారు" అన్నాడతను. ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటకు వివరణే.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల వచ్చే నీరది. ఇందులో చాలా భాగం ఆవిరిగా సైలెన్సర్ నుంచి బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది. ఇంజన్ లోపలి లోహం చల్లగా ఉంటే ఆ ఆవిరి అక్కడే నీరుగా మారుతుంది, అన్నం గిన్నె మీద మూత తీయగానే కారే నీళ్లలాగా. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు కూడా ఎక్కువ పడుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడుగుతూ కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. స్టార్ట్ చేసిన తొలి నిమిషాల్లోనే ఇదంతా ఎక్కువగా జరుగుతుంది. మీ మామగారు రోజూ ఇంజన్‌ను నడిపిస్తున్నది ఆ నిమిషాల్లోనే.

మన ఎండలకు నీళ్లు అవే ఆవిరైపోవా అని నేనూ అనుకున్నాను. మే నెలలో బయట 45 డిగ్రీలు ఉన్నా అది చాలదు. ఆయిల్ 90 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కి కాసేపు అలాగే ఉంటేనే ఆ నీరు, పెట్రోలు ఆవిరై, ఇంజన్‌కు ఉన్న గొట్టం ద్వారా మళ్లీ సిలిండర్‌లోకి వెళ్లి కాలిపోతాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. డాష్‌బోర్డు మీద చల్లదనం చూపే నీలం దీపం నాలుగైదు నిమిషాల్లో ఆరిపోతుంది. అది చెప్పేది రేడియేటర్ నీళ్ల వేడి గురించి. ఆయిల్ అంతకంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. ఉన్నచోటే స్టార్ట్ చేసి ఉంచిన ఇంజన్ మీద బరువు ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది. రోడ్డు మీద ఆగకుండా ఇరవై నిమిషాలైనా నడిస్తేనే పని జరుగుతుంది.

సీలు తీయని డబ్బాలో ఆయిల్ ఏళ్ల తరబడి నిలుస్తుంది కదా, ఇంజన్‌లో ఎందుకు చెడుతుందని మీరు అడిగింది మంచి ప్రశ్న. డబ్బాలో ఈ నీరు, పెట్రోలు, పొగ ఉండవు. ఇంజన్‌లో అవన్నీ కలిసి ఆమ్లాలు పుడతాయి. వాటిని విరిచే మందులు ఆయిల్‌లో ముందే కలిపి ఉంటాయి. అవి ఖర్చయిపోయాక ఆమ్లం బేరింగుల మీద పడుతుంది. కిలోమీటర్ల మీటరు కదలకపోయినా ఈ ఖర్చు ఆగదు. అందుకే కంపెనీల పుస్తకాల్లో కిలోమీటర్లతోపాటు నెలలు కూడా రాసి, ఏది ముందు వస్తే అది అంటారు. చాలా పెట్రోలు కార్లకు అది 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు. మన కళ్లు మొదటి అంకె దగ్గరే ఆగిపోతాయి. పదేపదే చిన్న చిన్న దూరాలు తిరిగే బండిని ఆ పుస్తకాలు కఠిన వాడకం కింద లెక్కగడతాయి. అంటే మీ మామగారి కారు తక్కువ వాడిన బండి కాదు, కష్టంగా వాడిన బండి. వారంటీ ఇంకా మిగిలి ఉంటే ఏడాది దాటించడం ఆ విధంగానూ నష్టమే.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ తేనె రంగులో శుభ్రంగా ఉందని రాశారు. రంగును నమ్మకండి. నల్లబడిన ఆయిల్ తన పని తాను చేస్తూ ఉండవచ్చు, తేటగా ఉన్నది ఆమ్లంతో నిండి ఉండవచ్చు. వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఆయిల్ పలచబడినట్టే. గుర్తు పెట్టిన గీత కంటే మట్టం పైకి వచ్చి ఉన్నా అదే అర్థం. ఆయిల్ తనంతట తాను పెరగదు.

మా కారు విషయానికొస్తే, ఆయిల్ మార్చడంతో కథ ముగియలేదు. స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగంలో వాల్వులను కదిలించే ట్యాపెట్లు టకటకమన్నాయి. పై కవర్ విప్పితే లోపలంతా నల్లటి జిగురు. కింద ఛాంబర్ దించితే ఆయిల్ పంపు పీల్చే జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే ఆయిల్ పైకెక్కక ఇంజన్ పట్టేసేదని మెకానిక్ చెప్పాడు. ఏటా రెండు మూడు వేలతో పోయేది, ఆ ఒక్కసారికే పద్నాలుగు వేలు దాటింది. డబ్బు సంగతి అటుంచితే, ఆ బేసిన్ ముందు నిలబడిన నాన్నగారి ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అంత శ్రద్ధగా చూసుకున్న మనిషికి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది. ఆ చెప్పాల్సినవాణ్ణి నేనే.

జిగురు వదలడానికి మొదటి ఏడాది ఆరు నెలలకోసారి ఆయిల్ మార్పించాను. ఇప్పుడు ప్రతి సంక్రాంతికి ఒకసారి, మర్చిపోయే ప్రసక్తి లేకుండా. నాన్నగారి ఐదు నిమిషాల అలవాటు స్థానంలో ఇంకొకటి పెట్టాం. రెండు వారాలకోసారి శనివారం తెల్లవారుజామున మంగళగిరి వెళ్లి పానకాల స్వామి దర్శనం చేసుకుని రావడం. వెళ్లడానికి ఇరవై కిలోమీటర్లు, రావడానికి ఇరవై. జాతీయ రహదారి మీద నాలుగో గేరులో, ఐదో గేరులో సాఫీగా నడుస్తుంది. కాజ దగ్గర టోల్ కట్టాల్సి వచ్చినా సరే. డ్రైవింగ్ మా తమ్ముడిది, పక్క సీటు నాన్నగారిది. ఇప్పుడు ఆ మూత తీస్తే లోపల పొడిగా ఉంటోంది, బ్యాటరీ కూడా మళ్లీ దిగలేదు. మీకు భవానీపురం నుంచి హైదరాబాద్ రోడ్డు పక్కనే కదా. ఇబ్రహీంపట్నం దాటి కొంత దూరం వెళ్లి తిరిగి వస్తే చాలు.

మీ మామగారు, అత్తగారు ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వస్తారని చివర్లో రాశారు. అలాంటప్పుడు వచ్చాక మార్పిద్దాం అనుకోకండి. వెళ్లే ముందే మార్పించండి. పాత ఆయిల్‌లోని ఆమ్లం ఆరు నెలలు కదలకుండా బేరింగులను అంటిపెట్టుకుని ఉండటం మంచిది కాదు. మార్చాక ఒక ఇరవై నిమిషాలు నడిపి కొత్త ఆయిల్ అన్నిచోట్లకూ చేరనిచ్చి, అప్పుడు సెల్లార్‌లో పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెట్టండి, బ్రేకులు పట్టేయకుండా ఉంటాయి. ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే ట్యాంకు నిండుగా ఉంచితే లోపల గాలికి, తేమకు చోటు తగ్గుతుంది. మీరు మధ్యలో వచ్చి చూసే వీలుంటే నెలకోసారి ఆ వైరు తగిలించి పూర్తిగా వేడెక్కేలా నడపండి. వీలు లేకపోతే అసలు స్టార్ట్ చేయవద్దు. వాచ్‌మన్‌కు తాళం ఇచ్చి అప్పుడప్పుడూ స్టార్ట్ చేయమనడం అన్నిటికంటే చెడ్డది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మీ వీధిలోకి వచ్చి ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. సింగ్ నగర్‌లో మా బంధువుల కారు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. దాని ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగుకు మారింది. అదృష్టవశాత్తు వాళ్లు స్టార్ట్ చేయకుండా లాగించుకెళ్లారు. ఒకసారి ఆయిల్ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాక గానీ తేట పడలేదు.

మీ ఇంట్లో బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన) డీజిల్ బండి కూడా ఉందన్నారు. దాని మీద ఇంకాస్త కన్నేసి ఉంచండి. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. చిన్న ప్రయాణాల్లో ఆ పని మధ్యలోనే ఆగిపోయి, కొంత డీజిల్ ఆయిల్‌లో చేరుతుంది. నెలకోసారి డిప్‌స్టిక్ చూసి, మట్టం పై గీత దాటితే ఏడాది ఆగకుండా మార్పించండి.

గ్రేడు విషయంలో కారు పుస్తకంలో ఉన్నదే పోయించండి, చిక్కగా ఉంటే మంచిదని ఎవరు చెప్పినా మార్చకండి. రేపు ఉదయం స్టార్ట్ చేయకముందు ఆయిల్ మూత తీసి మీ మామగారికి కూడా చూపించండి. మీగడ ఉండి, రేడియేటర్ కూలెంట్ డబ్బాలో మట్టం మామూలుగానే ఉంటే అది మా కారుకు వచ్చిన జబ్బే, ఆయిల్, ఫిల్టర్ మార్పించి, పై కవర్ ఒకసారి విప్పి చూడమనండి. కూలెంట్ కూడా తగ్గి ఉంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికి, కింది భాగానికి మధ్య కూలెంట్, ఆయిల్ కలవకుండా ఆపే పొర) పోయిన గుర్తు కావచ్చు. అప్పుడు కారును నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.